ఎనభై ఒకటో సంతకం

మెర్ల్ స్ట్రౌడ్ చేసిన పని పదకొండేళ్ళయినా వర్జిల్ కోసెక్ మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు. బ్యాంకులో బల్లకి అటువైపు కూర్చుని, వర్జిల్ తండ్రితో పాతికేళ్ళు పేకాడిన చేత్తోనే ఒక కాగితాల కట్ట ముందుకు తోసి, "మామూలు అప్పు రెన్యువలేనోయ్, కింద సంతకం పెట్టెయ్" అన్నాడు. వర్జిల్ పెట్టేశాడు. తొమ్మిదో క్లాసులో బడి మానేసి ట్రాక్టరెక్కినవాడికి పన్నెండు పేజీలు చదివే ఓపిక ఎక్కడిది? ఏడాది తిరక్కుండా కోర్టు మెట్ల మీద పొలం వేలానికొచ్చింది. పాడుకున్నది స్ట్రౌడే. ఆ రోజు భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నాడు: "పెట్టేముందు చదువుకోవాలి అబ్బాయ్."

ఆ స్ట్రౌడే ఇప్పుడు కౌంటీలో పార్టీ అధ్యక్షుడు. నెబ్రాస్కా నుంచి సెనేట్ సీటు ఎన్నేళ్ళుగానో ఆ పార్టీ చేతిలోనే ఉంది. దానికి ఇండిపెండెంటుగా నిలబడతానంటూ బయల్దేరింది నోరీన్ టెష్ అనే పశువుల డాక్టరమ్మ. డబ్బు లేదు, పార్టీ లేదు. పత్రికల లెక్కలో నూటికి పదకొండు మంది ఆమెకు ఓటేస్తారట. ఆమె గెలుస్తుందా అని ఎవరైనా అడిగితే వర్జిల్ కాఫీ కప్పు కిందపెట్టి మరీ నవ్వేవాడు. అయినా ఆమె తరఫున ఈ కేసులో ఆధారాలు వెతికే పని ఒప్పుకున్నాడు. అటుపక్క ఉన్నది స్ట్రౌడు. ఆ ఒక్కటీ చాలు.

కేసు చిన్నది. ఇండిపెండెంటు పేరు ఓటు కాగితం మీద ఎక్కాలంటే నాలుగు వేల మంది ఓటర్ల సంతకాలు కావాలి. నోరీన్‌కి చెల్లినవి నాలుగు వేల నూట ముప్ఫై ఒకటి. అందులో రెండు వందల పన్నెండు దొంగ సంతకాలని పార్టీ ఫిర్యాదు. అవి ఉన్న పదకొండు కాగితాలూ జూలై పన్నెండున, ఒక్కరోజే, ఆర్విల్ లిండాల్ అనే గోధుమ రైతు సేకరించినవి. ప్రతి కాగితం అడుగున 'ఇవన్నీ నా కళ్ళెదుట పెట్టినవే' అని ప్రమాణం, కింద అతని సంతకం. మరో ఎనిమిది రోజులకి ఆర్విల్ కేన్సర్‌తో పోయాడు. రేపు విచారణ. కొత్త సంతకాలేమైనా ఉంటే ఇవ్వడానికి గడువు ఈ సాయంత్రం ఐదు గంటలు.

గురువారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి వర్జిల్ లిండాల్ వాళ్ళ యంత్రాల షెడ్డులో ఉన్నాడు.

చెక్క స్టాండ్ల మీద పలకలు పరిచి చేసిన పొడుగాటి బల్ల ఇంకా తియ్యలేదు. పలక మీద పెద్ద కాఫీ పాత్ర గుండ్రటి మరక. పక్కన దిండు వేసిన వాలుకుర్చీ. షెడ్డులో వాలుకుర్చీ ఎవరు వేసుకుంటారు? నిలబడలేనివాడు వేసుకుంటాడు. జేబులోంచి సంతకాల నకళ్ళు తీసి చూశాడు. అసలు కాగితాలు నిన్న కౌంటీ ఎన్నికల క్లర్కు ఆఫీసులో చూసినప్పుడు మడతల్లో గోధుమ పొట్టు కనిపించింది. అంచుల మీద నల్లటి గ్రీజు వేళ్ళ ముద్రలు. దొంగ సంతకాలు పెట్టేవాడు చేతులు కడుక్కుని కూర్చుంటాడు.

తలుపు లోపలివైపు పెన్సిలు రాతలు. ఇక్కడ ప్రతి రైతూ అంతే, కోత లెక్క పుస్తకంలో రాయడు, షెడ్డు తలుపు మీద రాస్తాడు. అన్నిటికన్నా కింద: 'జూలై 12. మిషన్లు 23. లారీలు 31. ఎకరాలు 560. 5.10కి అయింది.'

"పొద్దున్నే ఏం వర్జిల్, ఎలకలు పడుతున్నావా?"

గుమ్మంలో క్రెయిగ్ డన్‌లివీ. ఒకప్పుడు షెరిఫ్ దగ్గర పనిచేసేవాడు, ఇప్పుడు పార్టీకి పనిచేస్తున్నాడు. బూట్లు అద్దంలా ఉన్నాయి.

"ఒకటి ఇప్పుడే లోపలికొచ్చింది" అన్నాడు వర్జిల్.

డన్‌లివీ నవ్వాడు. "తొమ్మిది ఇళ్ళు, తొమ్మిది పోస్టు డబ్బాలున్న రోడ్డు ఇది. ఒక్కరోజులో రెండొందల పన్నెండు సంతకాలట. పశువుల ఒంటి మీద యజమానుల ముద్రలు పరీక్షించే ఉద్యోగం పదేళ్ళు చేశావు కదా, నువ్వే చెప్పు. నమ్ముతావా?"

"ఇటు రా. చదువు."

డన్‌లివీ వంగి కింది వరస చదివాడు.

"ఆర్విల్ మంచాన పడ్డాడని తెలిసి చుట్టుపక్కల మూడు ఊళ్ళ వాళ్ళు తమ పంట అలాగే వదిలేసి కోత మిషన్లు తోలుకొచ్చారు. పెళ్ళాలు వంటలు తెచ్చారు. మధ్యాహ్నం అందరూ ఈ బల్ల దగ్గరే తిన్నారు. సంతకాల కాగితాలు పెట్టిన అట్ట చేతులు మారింది. రెండొందల పన్నెండు ఎక్కువనుకుంటున్నావా? తక్కువే."

"ఎవరు పిలిచారు వాళ్ళని?"

"ఎవరూ పిలవరు. నువ్వు పట్నంలో పెరిగావు, నీకు తెలీదులే."

డన్‌లివీ చెవులు ఎర్రబడ్డాయి. "సరే, జనం వచ్చారు. ఒప్పుకున్నా. ఎనిమిది రోజుల్లో పోయే మనిషి పదకొండు కాగితాలకీ అంత కుదురుగా సంతకం చేశాడా? ధాన్యం గిడ్డంగిలో ఆ రోజు కాటా చీటీలుంటాయి. ఆర్విల్ పేరున తూచిన లోడుకల్లా టైము పడుతుంది, సంతకం పడుతుంది. అవి తెచ్చి పక్కన పెట్టి చూస్తా."

"తెచ్చుకో. లారీలు వచ్చాయని అవే సాక్ష్యం చెప్తాయి. నా పని తగ్గుతుంది."

డన్‌లివీ కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. టైము తొమ్మిదీ నలభై ఐదు. గిడ్డంగి పద్దెనిమిది మైళ్ళు. వర్జిల్ ఈల వేసుకుంటూ తలుపు మూయబోయి ఆగాడు.

కింది వరస పైన ఇంకో నలభై వరసలున్నాయి, నలభై ఏళ్ళ కోతలు. అన్నీ పెద్ద పెద్ద అక్షరాలు, చెక్క దిగేలా నొక్కి రాసినవి. జూలై పన్నెండు వరస ఒక్కటే సన్నగా, కుడికి వాలి ఉంది. నకలు తీసి పక్కన పెట్టాడు. ఆర్విల్ లిండాల్ అన్న సంతకం కూడా సన్నగా, కుడికి వాలి ఉంది.

ఈల ఆగిపోయింది.

వంటింట్లో ఆర్విల్ భార్య వెర్నా లిండాల్ అతనికోసం అప్పటికే కాఫీ పోసి పెట్టింది. డెబ్భై దాటిన మనిషి, మొగుడి చొక్కా తొడుక్కుని ఉంది. పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన 'పై' ముక్క ముందుకు జరిపింది.

"తిను నాయనా. ఒక్కదానికి చేసుకోవడం రాదు నాకు. పెద్ద పళ్ళెమే చేసేస్తాను."

వర్జిల్ తిన్నాడు. తిన్నాక అడగడం ఇంకా కష్టమైంది.

"వెర్నమ్మా, రెండొందల పన్నెండు పేర్లూ చదివాను. చుట్టుపక్కల అందరివీ ఉన్నాయి. మీ పేరు లేదేం?"

"నేనిక్కడ లేనుగా. మా లారీ ఎవరు తోలతారు? ఆర్విల్ కూర్చున్నాడు, నేను తోలాను."

"ఎన్ని లోడ్లు?"

"నాలుగు." ఆమె లేచి కాఫీ డబ్బాలోంచి చీటీల నకళ్ళు తెచ్చింది. "ఇవిగో. నీకు పనికొస్తాయేమోనని తీసిపెట్టాను."

పదీ నలభై. పన్నెండూ ఐదు. రెండూ పద్నాలుగు. మూడూ నలభై. నాలుగింటి మీదా 'ఆర్విల్ లిండాల్'. సన్నగా, కుడికి వాలి. ఆ గంటల్లో ఆర్విల్ పద్దెనిమిది మైళ్ళ ఇవతల వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండొందల పన్నెండు మంది చూశారు.

తన సాక్ష్యమే తన పీక మీదకి వచ్చింది. డన్‌లివీ ఈపాటికి గిడ్డంగిలో ఇవే చీటీలు తిరగేస్తూ ఉంటాడు.

"ఆర్విల్ పేరు మీరే పెడతారా?"

"మరి? పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనే. చీటీలు, చెక్కులు, పిల్లల బడి కాగితాలు. అతనికి పెన్ను చేతిలో ఇమడదు. గిడ్డంగిలో ఎవర్నడిగినా చెప్తారు." ఆమె ఆగింది. వర్జిల్ మొహం చూసింది. "కాగితాలకీ నేనే పెట్టాను. ఆ సాయంత్రం అతను ప్రయత్నించాడు, వేళ్ళు ముడుచుకోలేదు. 'నువ్వే పెట్టవే, ఎప్పుడూ పెట్టేదేగా' అన్నాడు. తప్పా అది?"

ఆ కౌంటీలో ఏ ఆడమనిషైనా అదే చేసేది. ఎవరూ రెండోసారి ఆలోచించరు. కానీ ఆ కాగితం అడుగున ఉన్నది గోధుమ లెక్క కాదు, ప్రమాణం.

"అమ్మా, అలా పెడితే కాగితాలన్నీ చెల్లవు. అవి రేపు విచారణకి వెళ్తే మిమ్మల్ని బోను ఎక్కిస్తారు. దొంగ ప్రమాణమంటారు."

వెర్నా చేతులు చూసుకుంది. "నోరీన్ పేరు పోతుందా?"

మూడు వేల తొమ్మిది వందల పంతొమ్మిది మిగులుతాయి. ఎనభై ఒకటి తక్కువ. వర్జిల్ ఫోను తీశాడు.

నోరీన్ పట్నంలోనే, తన ఆసుపత్రిలో ఉంది. వెనక ఏదో ఆవు అరుస్తోంది. అంతా విని ఆమె అంది:

"పదకొండు కాగితాలూ నేను వెనక్కి తీసుకుంటాను. క్లర్కు ఆఫీసు రెండు వీధులే. పదకొండున్నర లోపు అయిపోతుంది. విచారణకి వెళ్ళకముందే తీసుకుంటే అవి చిత్తుకాగితాలే కదా?"

"అవును. కానీ డాక్టరమ్మా, ఆలోచించుకో. రేపు విచారణలో అడ్డంగా వాదిస్తే ఏమో, నెగ్గవచ్చు. వెనక్కి తీసుకుంటే సాయంత్రం ఐదింటికి నీ పని ఖాళీ."

"వెర్నా బోనెక్కకూడదు వర్జిల్. అంతే. నాకు పశువులున్నాయి."

ఫోను పెట్టేసింది. వర్జిల్ రిసీవరు వంక చూస్తూ నిలబడ్డాడు. ఓట్లు అడిగేవాళ్ళని చాలామందిని చూశాడు. ఒక ముసలామె కోసం పోటీనే వదులుకునే మనిషిని ఇదే చూడటం. ఇంతసేపూ స్ట్రౌడ్ ఓడిపోవాలనే అనుకున్నాడు. ఈమె ఉండాలని ఇప్పుడే మొదటిసారి అనిపించింది.

"ఆర్విల్‌కి ఆమె మీద అంత నమ్మకమా, గెలుస్తుందని?" అన్నాడు.

"గెలవదని తెలుసు. మంచు తుఫానులో ఆరు మైళ్ళు నడిచొచ్చి మా ఆవు కడుపులోంచి దూడని తీసింది ఆ పిల్ల. డబ్బిస్తే, ఆవు బతికితే ఇమ్మంది. 'గెలవకపోయినా ఫరవాలేదు వెర్నా, ఆ పేరు ఓటు కాగితం మీద ఉండాలి, మనిషన్నవాడు గీత గీయడానికి ఒక చోటుండాలి' అన్నాడు." ఆమె అటక మీంచి అట్ట తీసింది. దానికి ఇంకా ఏడు ఖాళీ కాగితాలున్నాయి. "ఎనభై ఒకటే కదా. ఇవాళ జనమంతా ఒక్కచోటే ఉన్నారు నాయనా."

వర్జిల్‌కి తెలుసు ఎక్కడో. నెల రోజులుగా తెలుసు. స్ట్రౌడ్ ఇవాళ వర్జిల్ పోగొట్టుకున్న కోసెక్ పొలాన్ని వేలం వేస్తున్నాడు. ఆ గేటు చూడకుండా ఉండటానికి పదకొండేళ్ళుగా తొమ్మిది మైళ్ళు చుట్టు తిరిగి వెళ్తున్నాడు వర్జిల్.

"ఇంకెక్కడైనా..."

"ఇంకెక్కడా లేరు."

"ఈసారి సేకరించేది మీరే. అడుగున మీ పేరే పెట్టాలి, మీ కళ్ళెదుటే సంతకాలు జరగాలి. ఒక్కటి కూడా నేను పట్టుకురాను."

ఆమె తలూపింది. ఒక పాత కవరు తిప్పి, పెన్ను తీసుకుని, దాని వెనక 'వె' అని రాసి ఆగింది. మళ్ళీ రాసింది. నాలుగోసారికి పేరు పూర్తయింది. కవరు దూరంగా పట్టుకుని చూసుకుంది, ఎవరో దూరపు బంధువు ఫోటో చూసినట్టు.

"ఇది రాసి ఎన్నాళ్ళయిందో" అంది.

పన్నెండూ ఇరవైకి వాళ్ళు కోసెక్ పొలం దగ్గరున్నారు. గేటు దగ్గర స్ట్రౌడ్. జుట్టు తెల్లబడింది, గొంతు మారలేదు.

"నా స్థలంలో రాజకీయాలు కుదరవు వెర్నా. వర్జిల్, నువ్వైనా చెప్పొద్దూ?"

"మీ స్థలంలో కాదు" అన్నాడు వర్జిల్. "రోడ్డు మధ్య నుంచి ముప్ఫై మూడు అడుగులు కౌంటీది. కంచె దానికి ఇంకో రెండడుగులు లోపలికుంది. మా తాత వేశాడు ఆ కంచె, నాకు తెలుసు." కంచెకి ఇవతల, పొద్దుతిరుగుడు మొక్కల మధ్య మడత బల్ల వేశాడు. ఆమెకి కుర్చీ వేశాడు.

స్ట్రౌడ్ కదల్లేదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అది చాలు. వచ్చినవాళ్ళలో సగం మంది అప్పులు అతని బ్యాంకులోనే ఉన్నాయి. తలలు వంచుకుని బల్ల దాటి వెళ్ళిపోయారు. జూలైలో ఆర్విల్ పొలంలో రోజంతా మిషన్ తోలినవాళ్ళు కూడా.

మొదట ఆగింది ఒక ముసలి రైతు. "మళ్ళీ పెట్టాలా వెర్నా?"

"నా వల్లే పొరపాటయింది. మళ్ళీ పెట్టాలి."

"రూబార్బ్ పై ఉందా ఈసారి?"

"ఆదివారం రా, చేస్తాను."

అతను స్ట్రౌడ్ వైపు చూడకుండా సంతకం పెట్టాడు. అతని వెనక అతని భార్య. ఆమె రాయబోతూ వెర్నాని అడిగింది: "నా పేరే కదా, ఆయనది కాదుగా పెట్టాల్సింది?" ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చారు. ఒంటిగంటకి పంతొమ్మిది. రెండున్నరకి నలభై ఆరు. మూడున్నరకి డెబ్భై ఒకటి.

మూడూ యాభైకి డన్‌లివీ కారు వచ్చింది. చేతిలో నాలుగు చీటీలు. బల్ల దగ్గరికొచ్చి వర్జిల్ ముందు పడేశాడు.

"కాగితాలు వెనక్కి తీసుకున్నారట. ఎవరు రాశారో నాకు తెలుసు."

"దేని మీద ఎవరు రాశారు? ఆ కాగితాలిప్పుడు లేవు. కోర్టుకి చూపించడానికి నీ దగ్గరున్నది గోధుమ చీటీ."

డన్‌లివీ వెర్నా వైపు చూశాడు. కారులోంచి పార్టీవాళ్ళ ఓటర్ల జాబితా తెచ్చి, కొత్త పేర్లు ఒక్కొక్కటీ సరిచూడటం మొదలుపెట్టాడు. అతను ఒక్క పేరూ తీసెయ్యలేకపోయాడు.

నాలుగూ ఐదుకి ఎనభై. రోడ్డు ఖాళీ అయింది. మిగిలినవాళ్ళు లోపల వేలంపాట చుట్టూ ఉన్నారు, రారు. కౌంటీ ఆఫీసు ఇరవై రెండు మైళ్ళు.

"ఒక్కటి" అంది వెర్నా మెల్లిగా, వర్జిల్ వైపు చూస్తూ.

బ్యాంకులో ఆ రోజు తర్వాత వర్జిల్ ఇష్టపడి దేనికీ సంతకం పెట్టలేదు. ఓటు కూడా వెయ్యలేదు. పెన్ను తీసుకున్నాడు.

కంచె అవతల నుంచి స్ట్రౌడ్ అన్నాడు: "చదువుకుని పెట్టు అబ్బాయ్."

వర్జిల్ చదివాడు. పై నుంచి కింది దాకా, వేలు పెట్టి, ప్రతి మాటా పెదాలతో పలుకుతూ చదివాడు. రెండు నిమిషాలు పట్టింది. అప్పుడు పెట్టాడు.

డన్‌లివీ జాబితా తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది. నవ్వలేదు. "నువ్వుండేది పట్నంలో, లాండ్రీ మీద గదిలో కదా?"

"అవును."

"జాబితాలో నువ్వింకా ఇక్కడే ఉన్నావు." గేటు వైపు చూపించాడు. "కోసెక్ పొలం. అడ్రసు మార్చుకోలేదు. ఇది చెల్లదు వర్జిల్."

మార్చుకోమని అప్పట్లో కార్డు వచ్చింది. వర్జిల్ దాన్ని పొయ్యిలో వేశాడు. అతని ఇల్లు ఇదేనని చెప్పే కాగితం లోకంలో ఆ ఓటర్ల జాబితా ఒక్కటే మిగిలింది మరి. తలవంచుకున్నాడు. తన పంతమే డాక్టరమ్మని ముంచింది.

వెర్నా అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"ఓటరుగా నేనింకా పెట్టలేదుగా" అంది. "ఆ రోజు లారీలో ఉన్నాను."

కింది గీత మీద రాసింది, ఆగకుండా. తర్వాత ఏడు కాగితాల అడుగునా ప్రమాణం కింద అదే పేరు. డన్‌లివీ జాబితాలో వెతికాడు. దొరికింది. జాబితా మూసేశాడు.

"నాలుగు వేలు. ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు" అన్నాడు. "ఐదింటికి నేనూ అక్కడే ఉంటాను. నాకు ఒక్కటి దొరికితే చాలు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "చీటీలు మీ దగ్గరే ఉంచుకోండమ్మా." కారెక్కి పట్నం వైపు పోయాడు.

నాలుగూ పదిహేను. వర్జిల్ లారీ స్టార్టు చేసి, అట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. చెల్లని పేరు కాగితం మీద ఉంటే డన్‌లివీకి అదే సందు. కొట్టెయ్యాలి, తన చేత్తోనే. పక్క సీట్లో వెర్నా తన చెయ్యి అతని మోచేతి మీద పెట్టింది, నొక్కలేదు, ఊరికే ఉంచింది. అతను పేరు మీద అడ్డంగా గీత గీశాడు.

కంచె అవతల మైకులో వేలం పాడేవాడు ఆఖరి పాట ముందు మరోసారి చదువుతున్నాడు: కోసెక్ పొలం, బావితో సహా, గాలిమరతో సహా, మూడు వందల పద్దెనిమిది ఎకరాల నలభై సెంట్లు.